ఫ్రోక్ నేర్పిన పిలుపు

నన్ను ముంచినవాడు ఫ్రోక్. నా చెల్లెలు ప్రెనా మొగుడు. పేరు దాచాల్సిన అవసరం నాకు లేదు. ష్కోడ్ర పట్నంలో కాఫీ కొట్టు కాఫీ కొట్టుకీ తిరిగి వాడే ఈ సంగతి చెప్పి నలుగురినీ నవ్విస్తున్నాడు కాబట్టి, నేను చెబితే తప్పు లేదు. వాడు చెప్పేటప్పుడు నేను వెర్రివాణ్ణి. నేను చెప్పేటప్పుడు ఎవరేమిటో మీరే చూడండి.

వాడి వ్యాపారం సైకిళ్ళు. సరయేవోలో ఎక్కితే సలోనికాలో దిగేదాకా, కొండలూ కనుమలూ సరిహద్దులూ అన్నీ కలిపి మనిషికి నాలుగు వందల తొంభై యూరోలు. సైకిలు కూడా అందులోనే. ఇంత చవగ్గా బాల్కన్ దేశాలు తిప్పేవాడు ఇంకెవడూ లేడని జర్మన్లూ, హాలండు వాళ్ళూ, పోలండు కుర్రాళ్ళూ ఎగబడి వస్తారు. ఇంత చవక ఎక్కణ్ణుంచి వచ్చిందని ఒక్కడూ అడగడు. నేను చెబుతాను. ఆ సైకిళ్ళు ఆస్ట్రియాలో ఎవరో పారేయబోతే తెచ్చినవి. సామాను మోసే వ్యాను ఒక్కటే, అది తారురోడ్డు వెంట చుట్టూ తిరిగి పోతుంది. కొండదారిన మనుషులు వాళ్ళ తిప్పలు వాళ్ళే పడాలి. ఇక మా కొండల్లో రాత్రి బస వాడికి ఊరికే దొరుకుతుంది.

అదెలాగంటే, బయలుదేరే రోజు పొద్దున వాడు వాళ్ళందరినీ వరసగా నిలబెట్టి మా భాషలో ఒక్క ముక్క నేర్పుతాడు. నమస్కారమూ కాదు, ధన్యవాదమూ కాదు. "ఓ ఇంటాయనా" అనే పిలుపు. ఏ గేటు కనబడినా సైకిలు దిగి, గట్టిగా ఆ మాట పిలిచి నిలబడండి అంటాడు. మా కొండల్లో ఆ పిలుపుకి జవాబు ఒక్కటే. ఇంటాయన బయటికి వచ్చి, "మంచికి వచ్చారు, రండి" అంటాడు. అన్నాక వాళ్ళు అతిథులు. వాళ్ళ దగ్గర డబ్బు పుచ్చుకున్నవాడి ఇంట మళ్ళీ ఎవడూ కాఫీ తాగడు. కారు దిగి, బెల్లు నొక్కి, గది ఎంత అని అడిగేవాడి సంగతి వేరు. వాడు బేరానికి వచ్చిన మనిషి, వాడితో లెక్క ఉంటుంది. పిలిచి వచ్చినవాడితో లెక్క ఉండదు. ఈ తేడా జర్మన్లకి తెలియదు. ఫ్రోక్‌కి తెలుసు. వాడు పుట్టింది ఈ కొండల్లోనే.

మా ఇల్లు కుల్పెర్ ఊళ్ళో ఆఖరిది, కనుమ దిగి వచ్చేవాడికి మొదటిది. గ్రీసులో సిమెంటు మోసి తెచ్చుకున్న డబ్బంతా పెట్టి మేడ మీద మూడు గదులు వేశాను, వేడినీళ్ళ స్నానాల గది కట్టించాను. కట్టు బావా, మనుషుల్ని నేను తెస్తాను అన్నది ఫ్రోకే. తెచ్చాడు. మూడు వేసవులు తెచ్చాడు. ప్రతి ఒక్కడూ గేటు దగ్గర సైకిలు దిగి, వంకర నాలుకతో "ఓ ఇంటాయనా" అన్నాడు. మా మొక్కజొన్న రొట్టె, మా జున్ను, మా మజ్జిగ, మా ప్లమ్ సారా, అన్నీ అలాగే పోయాయి.

ఈ ఏడు ఈస్టరు తరవాత వాడి కొడుకు బాప్తిస్మానికి వెళ్ళాం. భోజనాలయ్యాక మగవాళ్ళం వాకిట్లో బల్ల చుట్టూ కూర్చున్నాం.

"ఏం బావా, ఈ వేసవికి ఎన్ని సైకిళ్ళు పంపమంటావ్?" అన్నాడు ఫ్రోక్.

"పంపితే డబ్బుతో పంపు. తలకి పదిహేను యూరోలు. నా చేతికి నువ్వే ఇవ్వు."

"నా టూరులో రాత్రి బస ఖర్చు ఎవరిది వాళ్ళదే బావా. మొదటి రోజే చెప్పేస్తాను, ఇంటాయన అడిగితే ఇచ్చుకోండి, అడగకపోతే మీరు ఎత్తొద్దు అని. నువ్వు అడగవు. నా తప్పా అది?"

"వాళ్ళకి ఆ పిలుపు నేర్పింది ఎవడు?"

"మర్యాద నేర్పడం కూడా తప్పేనా? పోనీ, ఈసారి నీ గేటు మీద రాళ్ళు వెయ్యమని నేర్పమంటావా?"

అందరూ నవ్వారు. లులాష్ తాత కూడా నవ్వాడు. ఆయనది మా ఇంటికి ఎదురుగట్టు మీది ఇల్లు. ఎనభై దాటిన మనిషి. కుల్పెర్‌లో గట్టు తగాదా వచ్చినా, పెళ్ళి మాటలు చెడినా ఆయన చెప్పిందే తీర్పు. ఆయన నవ్వడంతో నాకు ఒళ్ళు మండింది.

"ఈ ఏడు అడుగుతాను," అన్నాను.

"నువ్వా?" అన్నాడు ఫ్రోక్.

"నేనే."

"నువ్వు అతిథి దగ్గర డబ్బు పుచ్చుకున్న రోజున నా వ్యాను అమ్మేసి నీ ఆవులు కాస్తాను బావా."

"నా ఆవుల్ని నేనే కాసుకుంటాను. నువ్వు ఓడితే, నా గేటుకి పంపే ప్రతి మనిషికీ పదిహేను నువ్వే కట్టాలి. నేను బతికున్నంత కాలం."

"కడతాను. మరి నువ్వు ఓడితే?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపు వాడే అన్నాడు, "ఏటి ఒడ్డున ఉన్న గడ్డిమడి."

అది వాడికి ఎందుకో నాకు తెలుసు. మా వైపు బల్లపరుపుగా ఉన్న నేల అదొక్కటే. పక్కనే నీళ్ళు. నలభై గుడారాలు పడతాయి. గుడారానికి ఇంత అని వాడు మొహమాటం లేకుండా వసూలు చేసుకుంటాడు. గుడారానికి గేటు ఉండదు, గేటు లేని చోట పిలుపూ ఉండదు. నాకు మాత్రం ఆ మడి గడ్డి లేకపోతే నాలుగు ఆవులు చలికాలం దాటవు.

"ఏమయ్యా, చెయ్యి ఇవ్వకు," అంది మా ఆవిడ దిలా, గుమ్మంలో పళ్ళెం పట్టుకుని నిలబడి.

అప్పటికే ఇచ్చేశాను. ఫ్రోక్ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. లులాష్ తాత లేచి తన అరచేతి అంచుతో మా ఇద్దరి చేతుల మధ్య కొట్టి విడదీశాడు. మా దగ్గర పందెం అలాగే కడతారు, అలా విడిపోయిన చేతులకి మళ్ళీ కాగితం అక్కర్లేదు.

"సెప్టెంబరు ఆఖర్న షెన్ మిహిల్ పండగ రోజుతో గడువు సరి," అన్నాడు తాత. "ఒక్కసారి చాలు. చేతి నుంచి చేతికి పుచ్చుకోవాలి. అతిథి ఏరు దాటేటప్పుడు ఆ డబ్బు ఇతని జేబులో ఉండాలి. ఏటితో ఇతని నేల అయిపోతుంది, పందెమూ అక్కడే అయిపోతుంది."

జూన్‌లో జర్మన్లు వచ్చారు. పిలుపు వినబడగానే నేను లేచి, పదిహేను, పదిహేను అనుకుంటూ గేటు దాకా నడిచాను. నోరు తెరిస్తే "మంచికి వచ్చారు" అని వచ్చింది. తుమ్మైనా ఆపుకోవచ్చు గానీ ఆ జవాబు ఆపుకోవడం కష్టం. నేను తల తిప్పేసరికి దిలా కాఫీలు పోసేసింది.

జూలైలో పోలండు కుర్రాళ్ళు. పొద్దున వెళ్ళబోతూ వాళ్ళే డబ్బు తీసి చాపారు, నేను అడగకుండానే. నా కుడిచెయ్యి తిన్నగా ఛాతీ మీదికి పోయింది, ఎడమచెయ్యి వాళ్ళ నోట్లని వెనక్కి నెట్టింది. రెండు చేతులూ నావే, రెండూ నా మాట వినలేదు.

ఆగస్టులో ఒక ఫ్రెంచివాడు దిండు కింద ఇరవై యూరోలు పెట్టి పోయాడు. అది పట్టుకుని ఏటి దాకా పరుగెత్తి వాడి సంచిలో కుక్కి వచ్చాను.

"దిండు కింద డబ్బు చేతి నుంచి చేతికి పుచ్చుకున్నట్టు కాదనుకో," అంది దిలా. "అంతమాత్రాన వెంటపడి ఇచ్చి రావాలా? ఉప్పుకైనా పనికొచ్చేది కదయ్యా."

"దొంగసొమ్ములా ఉంది."

"నీ మేడ మీద నీ దిండు కింద దొంగసొమ్ము ఎలా అవుతుంది? మనిషివా, మొద్దువా?"

సెప్టెంబరు వచ్చింది. మడిలో రెండో కోత కోస్తూ, పొడుగు కొడవలి విసిరినప్పుడల్లా "పదిహేను" అన్నాను. కొట్టంలో ఆవుల మొహం చూసి అన్నాను. అవి ఏమీ అనుకోలేదు. చివరికి దిలా, నువ్విలా నేర్చుకోలేవు, నేను సైకిలు వాణ్ణవుతాను అని, తోపుడుబండి తోసుకుంటూ గేటు బయటికి వెళ్ళి, గొంతు మార్చి పిలిచింది.

"ఓ ఇంటాయనా."

"పదిహేను," అన్నాను.

"ఏంటి పదిహేను? దెబ్బలా?"

"యూరోలు."

"కాళ్ళ వంక చూసి అడుగుతున్నావేం? నా చెప్పులు కొంటావా? మొహం చూసి అడుగు. ముందు 'రండి' అనకు. అడిగి, వాళ్ళు సరేనన్నాక రండి అను."

ఎదురుగట్టు మీంచి లులాష్ తాత కేకేశాడు. "ఏమ్మా దిలా, ఇల్లాలివి గేటు బయట నిలబడ్డావేంటి?"

"డబ్బు కట్టలేదని లోపలికి రానివ్వట్లేదు తాతా."

"ఎంతంట?"

"పదిహేనంట."

"బేరం ఆడు. ఇంటావిడవి, పదికి ఒప్పుకుంటాడు."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను నవ్వలేదు. ఆ సాయంత్రం చీకటి పడేదాకా ఆమెను గేటు బయటే ఉంచి పిలిపించాను. చివర చివరికి తల ఎత్తి, కళ్ళలోకి చూసి అడగడం వచ్చింది.

పండగ ముందు రోజు ఆఖరి జట్టు వచ్చింది. మంచు పడేముందు ఇక ఎవరూ కనుమ ఎక్కరు. పొద్దుటి నుంచీ సన్నటి వాన. ఆరుగురు మనుషులు, బురద కొట్టుకుపోయిన ఆరు సైకిళ్ళు. అందరికంటే ముందు అరవై దాటిన ఆవిడ, హాలండు మనిషి. పేరు విల్లమైన్ అని తరవాత తెలిసింది. గేటు దగ్గర దిగి, వానలోనే టోపీ తీసి పిలిచింది.

నేను బయటికి వచ్చాను. "మంచికి" అనే మాట గొంతు దాకా వచ్చింది. పళ్ళు బిగించి మింగేశాను. ఆవిడ మొహంలోకి చూశాను.

"పదిహేను," అన్నాను, గ్రీసులో నేర్చిన నాలుగు ముక్కల ఇంగ్లీషులో. "తలకి పదిహేను యూరోలు. భోజనం కలిపి."

ఎదురుగట్టు మీద లులాష్ తాత దగ్గడం వినబడింది. ఆయన వాకిట్లోనే కూర్చుని ఉన్నాడన్న మాట.

ఆవిడ వెనక్కి తిరిగి వాళ్ళవాళ్ళకి చెప్పింది. వాళ్ళ మొహాలు వెలిగాయి.

"అమ్మయ్య," అంది నాతో. "మూడు రాత్రులుగా ఏ ఇంట్లోనూ డబ్బు ముట్టలేదండీ. సిగ్గుతో అన్నం సహించలేదు మాకు. ఒకచోట ముసలమ్మ తన మంచం మాకిచ్చి నేల మీద పడుకుంది. మీరైనా అడిగారు. ఈ రాత్రి కడుపునిండా తింటాం."

తిన్నారు. దిలా పొద్దుటి నుంచీ నిప్పుల మీద పొర మీద పొర పోసి కాల్చిన పెద్ద అట్టు మొత్తం అయిపోయింది. పెరుగు రెండోసారి అడిగారు. పొడుగాటి జర్మన్ ఒకడు, కాఫీ చల్లగా ఉంది, మళ్ళీ వేడి చేసిస్తారా అన్నాడు. మూడేళ్ళలో మా ఇంట అలా అడిగినవాడు లేడు. చల్లారిన కాఫీ అయినా కళ్ళు మూసుకుని తాగేవాళ్ళు.

"డబ్బులిచ్చేవాళ్ళకి నాలుక కూడా పెరుగుతుందే," అంది దిలా వంటింట్లో.

"పెరగనీ. వేడి చేసివ్వు."

పండగ పొద్దున వాన వెలిసింది. కింద ఊరి చర్చి గంట కొడుతుంటే లులాష్ తాత చేతికర్ర ఊతంతో మా వాకిట్లోకి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు, అడక్కుండానే. విల్లమైన్ అందరి దగ్గరా వసూలు చేసిన తొంభై యూరోలు చేత్తో పట్టుకుని వచ్చింది. నా చెయ్యి అలవాటు కొద్దీ ఛాతీ వైపు లేచింది. పొగరు ఎద్దు మెడ వంచినట్టు దాన్ని కిందికి వంచాను. చాపాను. ఆవిడ నోట్లు నా అరచేతిలో పెట్టింది. వేళ్ళు మూశాను.

"చూశాను," అన్నాడు లులాష్ తాత.

"జేబుకి గుండీ పెట్టుకో," అంది దిలా.

పెట్టుకున్నాను. వాళ్ళు సైకిళ్ళు బయటికి తీశారు. నేనూ వెంట నడిచాను.

"డబ్బు పుచ్చుకున్నావుగా, ఇంకా సాగనంపడం దేనికి?" అన్నాడు తాత.

"జేబు ఏటి దాకా రావాలిగా తాతా."

మా గేటు నుంచి ఏటి మీది చెక్క వంతెన దాకా దారి ఏటవాలు. ఒక పక్క కొండ, ఇంకో పక్క మడి చుట్టూ మోకాలెత్తు రాతిగోడ. విల్లమైన్ ముందు ఎక్కింది. మిగతావాళ్ళు ఇంకా సంచులు సర్దుకుంటున్నారు. సగం దూరం పోయాక ఆవిడ బ్రేకు నొక్కినట్టుంది, ఇనుముని ఇనుముతో గీకిన చప్పుడు వినబడింది. సైకిలు ఆగలేదు. వంపు దగ్గర తిరగకుండా తిన్నగా పోయి గోడకి కొట్టుకుంది. ఆవిడ గోడ దాటి నా మడిలో, కోసిన గడ్డి మోళ్ళ మీద పడింది. వంతెన ఇంకా రాయి విసిరేంత దూరంలో ఉంది.

నేను వెళ్ళేసరికి మెలకువగానే ఉంది. మొహం తెల్లగా పాలిపోయింది. ఎడమ భుజం కిందికి జారిపోయింది.

"మడి పాడు చేశానా?" అని అడిగింది.

"మాట్లాడకండి," అన్నాను.

గడ్డి మోసే నిచ్చెన తెచ్చి దాని మీద పడుకోబెట్టి, నేనూ ఆ పొడుగు జర్మనూ మోసుకొచ్చాం. దిలా మేడ మీది గదికి వద్దంది. కింద మా మంచం మీదే పడుకోబెట్టింది. కింద ఊరి నర్సు వచ్చి, భుజం ఎముక విరిగిందనీ, ఈ దారిలో వారం దాకా కుదపకూడదనీ చెప్పి కట్టు కట్టింది. నేను వెళ్ళి సైకిలు చూశాను. బ్రేకు రబ్బర్లు లేవు. ఎప్పుడో అరిగిపోయి, ఉత్త ఇనుప రేకులు మిగిలాయి.

ఫ్రోక్‌కి ఫోను చేశాను. వాడు వ్యానుతో కింద తారురోడ్డు మీద ఉన్నాడు.

"అయ్యో పాపం," అన్నాడు. "మిగతా అయిదుగురినీ పంపించెయ్ బావా. మధ్యాహ్నానికి సరిహద్దు దాటాలి, నేను ఆగలేను. దెబ్బలు తగిలితే ఎవరి పూచీ వాళ్ళదేనని అందరూ ఒప్పుకునే వచ్చారు."

"బ్రేకు రబ్బర్లు లేకుండా కొండ దింపావు."

"మూడు దేశాలు వాటితోనే దిగింది బావా, మీ ఇంటి ముందే పడాలా?" అని, మళ్ళీ "ఇవాళ పండగ కదూ. ఏరు దాటారా?" అన్నాడు.

ఫోను పెట్టేశాను.

లులాష్ తాత వంటింట్లో కూర్చుని అంతా విన్నాడు. "కంగారు పడకు," అన్నాడు. "ఆవిడ దాటలేదు, నిజమే. ఆవిడ పదిహేనూ ఆవిడకిచ్చెయ్. మిగతా అయిదుగురూ దాటుతారుగా. వాళ్ళ డెబ్బై అయిదూ నీ జేబులో ఉండగా దాటితే నువ్వు గెలిచినట్టే. ఫ్రోక్‌కి నేను చెబుతాను."

"విన్నావుగా," అంది దిలా. "ఇక నోరు మూసుకుని, జేబు మూసుకుని ఏటి దాకా నడువు. నాకు నా ఆవులు కావాలి."

"నడుస్తాను," అన్నాను. ఆ మాట మనసారా అన్నదే. విల్లమైన్ తలగడ పక్కన ఆవిడ పదిహేను యూరోలూ పెట్టాను. మందు మత్తులో ఉండి, వద్దన్నట్టు వేళ్ళు కదిపింది. వదిలేసి వచ్చాను. జేబుకి మళ్ళీ గుండీ పెట్టుకున్నాను. ఈ అయిదుగురిలో ఎవడు పడినా లేచి కుంటుకుంటూ ఏరు దాటాల్సిందే అనుకున్నాను. వాళ్ళ సైకిళ్ళు అయిదూ తిప్పి చూశాను. రెండింటి రబ్బర్లు సగానికి వచ్చాయి. అవి తోసుకుంటూ నడిచి దిగండి, ఎక్కొద్దు అని చెప్పాను. సరేనన్నారు.

గేటు దగ్గర పొడుగు జర్మన్ నా ముందుకి వచ్చాడు. రాత్రి కాఫీ వెనక్కి పంపినవాడే. చేతిలో నోట్ల మడత ఉంది.

"ఇది రెండు వందలు. మేం అయిదుగురం వేసుకున్నాం," అన్నాడు. "ఆవిడ గది అద్దె, భోజనం, చూసుకున్నందుకు మీ ఆవిడకి. చాలకపోతే ఇప్పుడే చెప్పండి. తరవాత ఇబ్బంది రాకూడదు. డబ్బు అయిపోయిందని ఆవిణ్ణి మధ్యలో బయటికి పంపించేస్తారేమోనని మా వాళ్ళు భయపడుతున్నారు."

చాలా మర్యాదగా అన్నాడు. ముక్కముక్కా అర్థమయ్యేలా నిదానంగా అన్నాడు.

ఎముక విరిగిన ఆడమనిషిని నేను దారిలోకి తోసేస్తానని వాడు అనుకున్నాడు. అనుకోడా మరి? వానలో తడుస్తూ నిలబడ్డవాళ్ళకి రండి అనకముందే రేటు చెప్పిన మనిషిని నేను. మా తాత ఈ గేటు దగ్గర, మా నాన్న ఈ గేటు దగ్గర, ఇలాంటి మాట ఎవడి చేతా అనిపించుకోలేదు. ఈసారి నా చెయ్యి ఛాతీ మీదికి పోలేదు. జేబులోకి పోయింది. గుండీ ఊడి ఎక్కడో పడింది. డెబ్బై అయిదు యూరోలూ తీసి వాడి రెండు వందల మీద పెట్టి, వాడి వేళ్ళు మూసి, గట్టిగా నొక్కాను.

"తీసుకుపో," అన్నాను.

"ఇవి రాత్రి బసవి కదా," అన్నాడు వాడు తెల్లబోయి.

"అవి కూడా. ఆవిడ నా ఇంట్లో ఉంది. నడిచి వెళ్ళగలిగిన రోజున వెళ్తుంది. నువ్వు పో."

"పోయింది మడి," అంది దిలా వెనకనుంచి. నాకేసి కాదు, ఆకాశం కేసి చూస్తూ అంది. "ఏరు దాటాక ఇవ్వచ్చుగా ఆ డబ్బు. ఎంత దూరమయ్యా ఏరు?"

"దాటాక ఇచ్చినా గెలుపే," అన్నాడు లులాష్ తాత. "నేను ఒప్పుకునేవాణ్ణి."

ఆ మాట నాకు అప్పుడు తోచలేదు. తోచినా ఆగేవాణ్ణి కాదు. వాడి ముఖం మీద ఆ భయం అలాగే ఉంచి, వాడి డబ్బు జేబులో పెట్టుకుని, ఏటి దాకా వాడి పక్కన నడవడం నా వల్ల కాదు. అయిదుగురూ సైకిళ్ళు తోసుకుంటూ దిగారు. నేను వంతెన దాకా వెళ్ళాను, ఖాళీ జేబుతో. ఒక్కొక్కడే దాటాడు. జర్మన్ అవతలి ఒడ్డున ఆగి తల వంచాడు. నేనూ వంచాను.

తిరిగి వచ్చేసరికి తాత ఇంకా బల్ల మీదే ఉన్నాడు. "ఓడావు," అన్నాడు.

"తెలుసు."

"ఫ్రోక్‌కి నువ్వు చెబుతావా, నేను చెప్పనా?"

"నేనే చెబుతాను."

విల్లమైన్ తొమ్మిది రోజులు మా ఇంట్లో ఉంది. ఒంటిచేత్తో చిక్కుడుగింజలు ఒలిచింది, దిలాకి హాలండు పాట ఏదో నేర్పింది. పందెం సంగతి మేం చెప్పలేదు. లులాష్ తాత నోరు కూడా మూయించాం. ఆ పదిహేను యూరోలు వెళ్ళే రోజున ఆవిడ సంచిలోనే ఉన్నాయి, దిలా స్వయంగా పెట్టింది. ఆవిణ్ణి కంచరగాడిద మీద ఎక్కించి ఏరు దాటించి, బస్సు దాకా నేనే తీసుకెళ్ళాను. బస్సు కదిలేదాకా కుడిచెయ్యి ఊపుతూనే ఉంది.

ఫ్రోక్ ఆ మర్నాడు వచ్చాడు. ఇంటికి రాలేదు, తిన్నగా మడిలోకే వెళ్ళాడు. కొలతతాడు, నాలుగు మేకులు తెచ్చుకున్నాడు. నేను దిగి వెళ్ళాను.

"కోపం పెట్టుకోకు బావా," అన్నాడు. "పందెం పందెమే. కావాలంటే వచ్చే ఏడు గుడారాలు వేసేముందు ఒక కోత కోసుకో. నేను వద్దనను."

"అక్కర్లేదు."

"ఆవులకి ఏం పెడతావ్?"

"రెండు అమ్ముతాను. మిగతా రెండింటికి కనుమ కింద చరియ మీద కోస్తాను."

"అక్కడ నడుముకి తాడు కట్టుకోకుండా నిలబడలేవు బావా. నీ వయసుకి."

"తాడు ఉంది నా దగ్గర. నువ్వు ఆ సైకిళ్ళకి రబ్బర్లు వేయించు. ఈసారి ఎవరైనా పడితే నీ నేల మీద పడతారు."

వాడు నవ్వబోయి మానేశాడు. కాసేపు తాడు చిక్కు తీస్తున్నట్టు వంగి ఉన్నాడు.

చలికాలంలో నేను బోర్డు రాయించబోతున్నాను. మూడు భాషల్లో, పెద్ద అక్షరాలతో, గేటుకి నూరు అడుగుల ముందే. తలకి పదిహేను. చదివినవాడు పిలవడు, బెల్లు కొడతాడు. చదవకుండా పిలిచేవాడు ఎలాగూ ఉంటాడు, వాడి సంగతి అప్పుడు చూసుకుంటాను. ఆ మూడు గదులూ నేను గ్రీసులో నడుము విరగ్గొట్టుకుని కట్టినవి. వాటిని ఖాళీగా ఉంచేది లేదు, ఊరికే ఇచ్చేదీ లేదు. ఇంకో మూడేళ్ళు పట్టినా సరే, ఆ మాట నోటికి అలవాటు చేసుకుంటాను.

తాడు ఒక కొస ఫ్రోక్ పట్టుకున్నాడు. రెండో కొస పట్టడానికి వాడు ఎవరినీ తెచ్చుకోలేదు, నేనే పట్టుకున్నాను. గోడ వెంట ఒకసారి, ఏటి వెంట ఒకసారి, అడ్డంగా రెండుసార్లు. తాడు వదులైనప్పుడల్లా నేనే బిగించాను, తరవాత తక్కువొచ్చిందన్న మాట పడకూడదని. ఎదురుగట్టు దిగి వచ్చిన లులాష్ తాత తాడు కొలతలు చూసి, వేళ్ళ మీద గుణించి, రెండోసారి గుణించి, పైకి చెప్పాడు. దునుముకి వెయ్యి చదరపు మీటర్లు లెక్కన, నాలుగు దునుములు, మీద మూడు వందల ఇరవై చదరపు మీటర్లు, రాతిగోడతో సహా.